విరోధాభాసం వేరు, వైరుధ్యం వేరు

ఈ జుమాకు మేము ఎంచుకున్న విషయం మొదట తర్కశాస్త్ర పాఠంలా తోచవచ్చు. అయినా అది మన ఇళ్లలోని విషయమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మస్జిదులలో నమాజు ముగిశాక యువకులు అడిగే ప్రశ్నలలో కొన్ని పదే పదే వినిపిస్తున్నాయి. సమస్తం విధివ్రాత (తఖ్దీర్) ప్రకారమే జరుగుతుందంటారు, మరి మందు మింగడం దేనికి? దానం వల్ల సంపద తరగదంటారు, మరి బీరువాలో సొమ్ము తగ్గుతున్నదేమి? అంటువ్యాధి అనేది లేదని ఒక హదీసు, కుష్ఠురోగికి దూరంగా పారిపొమ్మని మరొక హదీసు. రెండింటిలో ఏది నమ్మాలి?

ఇలా అడిగేవారిలో కొందరు జ్ఞానాన్ని కోరి అడుగుతారు. మరికొందరు సెల్‌ఫోనులో ఎవరో పేర్చిన 'వైరుధ్యాల' పట్టిక చూసి, లోలోపల కలత చెంది, ఆ కలతను దాచుకొని అడుగుతారు. వీరిని కసురుకొని పంపించే పెద్దలను చూశాము. అది సరి కాదని మా అభిప్రాయం. కసురుకుంటే నోరు మూతపడుతుంది గాని ప్రశ్న చావదు. ఇదిగాక, మనలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. వీరు అడిగినవన్నీ విరోధాభాసాలు. ఎవరూ అడగనిది అసలైన వైరుధ్యం. మొదటివాటిని చూసి జంకుతున్నాము, రెండవదానితో హాయిగా కాపురం చేస్తున్నాము.

'విరోధాభాసం' అన్న మాట తెలుగు పాఠ్యపుస్తకాలలో చదువుకున్నదే. అలంకారాలలో అదొకటి. ఆభాస అంటే పైకి కనిపించేది, నిజానికి లేనిది. విరోధం ఉన్నట్లు తోచి, అర్థం తెలియగానే తొలగిపోతే అది విరోధాభాసం. వైరుధ్యం అట్లా కాదు. ఎంత ఆలోచించినా అందులోని రెండు మాటలు కలిసి నిలవవు. ఒకటి నిజమైతే రెండవది అబద్ధమై తీరాలి. దీనిని మన మదరసాలలో 'తనాఖుజ్' అంటారు. పదమూడవ శతాబ్దపు పండితుడు అసీరుద్దీన్ అబ్‌హరీ రచించిన 'ఈసాగోజీ' అన్న చిన్న పుస్తకం నేటికీ తర్క విద్యార్థుల చేతిలో ఉంటుంది. రెండు మాటల నడుమ వైరుధ్యం ఉన్నదనాలంటే ఎనిమిది విషయాలలో ఆ రెండూ ఏకమై ఉండాలని అందులో నేర్పుతారు: ఎవరిని గురించి చెబుతున్నామో ఆ ఉద్దేశ్యం, ఏమి చెబుతున్నామో ఆ విధేయం, కాలం, స్థలం, సంబంధం, షరతు, భాగమా సమస్తమా అన్నది, శక్తిగా ఉన్నదా క్రియగా ఉన్నదా అన్నది. ఈ ఎనిమిదింటిలో ఏ ఒక్కటి తప్పినా అక్కడ వైరుధ్యం లేనట్లే.

పేర్లు బరువుగా ఉన్నా సంగతి తేలిక. మహబూబాబాద్ దక్షిణాన ఉన్నదని వరంగల్ వాసి అంటాడు. ఉత్తరాన ఉన్నదని డోర్నకల్ వాసి అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఎందుకంటే దిక్కు అనేది ఎక్కడి నుంచి చూస్తున్నామన్న సంబంధంపై ఆధారపడుతుంది. గురివింద గింజ ఎర్రనిది, గురివింద గింజ నల్లనిది: భాగాలు వేరు. పత్తి గింజ చెట్టే, చెట్టు కాదు: ఆ శక్తి దానిలో ఉన్నది, క్రియ ఇంకా జరగలేదు. రమజానులో అన్నం తినడం నిషిద్ధం, ధర్మసమ్మతం: పగలు వేరు, రాత్రి వేరు.

షరతు సంగతి భూపాలపల్లి జిల్లావారికి చెప్పనక్కరలేదు. నీరు పల్లమెరుగునన్నది పసివాడికీ తెలుసు. అయినా 2019లో మేడిగడ్డ వద్ద ఆపిన గోదావరి నీరు కన్నెపల్లి పంపుల మీదుగా ఎగువకు నడిచింది. మేడిగడ్డ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు. అన్నారంలో 119, సుందిళ్లలో 130, ఎల్లంపల్లిలో 148. పల్లానికి పారవలసిన నది మెట్టు మెట్టుగా పైకెక్కింది. ప్రకృతి ధర్మం అబద్ధమైందా? కాలేదు. నీరు తనంతట తానుగా పైకి పోదన్నదే ఆ ధర్మం. విద్యుత్తు పెట్టి ఎత్తితే పోదని ఎవరూ అనలేదు. ('తనంతట తానుగా' అన్న షరతును మనం నోటితో పలకము, మనసులో అనుకుంటాము. ఆ బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబరులో కుంగిన సంగతి వేరే చర్చ.)

ఈ పలకని షరతే అంటువ్యాధి హదీసులలోనూ ఉన్నది. దైవప్రవక్త (స) అంటువ్యాధి అనేది లేదని చెప్పినప్పుడు ఒక పల్లెవాసి లేచి అడిగాడు: ఇసుకలో జింకల వలె ఆరోగ్యంగా తిరిగే ఒంటెల మధ్యకు గజ్జి పట్టిన ఒంటె ఒకటి వస్తే అన్నింటికీ గజ్జి అంటుకుంటున్నది కదా అని. అందుకు ప్రవక్త (స), అయితే మొట్టమొదటి ఒంటెకు దానిని అంటించిందెవరని ఎదురు ప్రశ్న వేశారు. అల్లాహ్ ప్రమేయం లేకుండా రోగం తనంతట తాను ఒకరి నుంచి మరొకరికి దూకే స్వతంత్ర శక్తి అన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని ఆయన ఖండించారని పండితులలో ఎక్కువమంది వివరించారు. కారణాలను సృష్టించినవాడూ అల్లాహ్‌యే గనుక, ఆ కారణాలకు తగిన జాగ్రత్త పడమని అదే ప్రవక్త (స) ఆదేశించారు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యవంతమైన ఒంటెల వద్దకు తోలుకొని రావద్దన్నది కూడా ఆయన మాటే. మొదటిది విశ్వాసానికి సంబంధించినది, రెండవది ఆచరణకు సంబంధించినది.

ఇక తఖ్దీర్ ప్రశ్న. దీనికి సమాధానం గ్రంథాలలో వెదకడం కంటే హిజ్రీ 18వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 639లో, సర్గ్ అనే చోట జరిగిన సంఘటనను కొంత నిదానంగా గమనించడం మేలు.

హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరారు. సర్గ్ చేరేసరికి, షామ్‌లోని సేనాధిపతులు హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఆయన సహచరులు ఎదురువచ్చి, అక్కడ ప్లేగు చెలరేగిందని తెలిపారు. ముందుకు సాగాలా, మరలాలా? ఉమర్ (రజి) మొదట ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. అన్సార్లను పిలిచారు, వారిలోనూ అంతే. ఖురైషు పెద్దలను పిలిచారు. వారందరూ మరలిపోవడమే మేలని ఏకకంఠంతో చెప్పారు. తెల్లవారగానే తిరుగు ప్రయాణమని ప్రకటన వెలువడింది. అప్పుడు అబూ ఉబైదా (రజి), అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అడిగారు. ఇది సామాన్యుడి ప్రశ్న కాదు. ప్రవక్త (స) 'ఈ సముదాయపు నమ్మకస్తుడు' అని బిరుదు ఇచ్చిన మనిషి ప్రశ్న. ఉమర్ (రజి) దానిని తోసిపుచ్చలేదు. అవును, అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే పోతున్నామన్నారు. ఆపైన ఒంటెల కాపరి ఉపమానం చెప్పారు: ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు ఎండుభూమి ఉన్నాయనుకో, నీ ఒంటెలను పచ్చికలో మేపినా అల్లాహ్ నిర్ణయం ప్రకారమే, ఎండునేలలో మేపినా అల్లాహ్ నిర్ణయం ప్రకారమే కదా అని.

విధివ్రాతకు, మానవ ప్రయత్నానికి మధ్య వైరుధ్యం ఉన్నదని తలచేవాడు ఆ రెండింటినీ ఒకే త్రాసులో రెండు పళ్లాలుగా ఊహిస్తున్నాడు. ఒకటి పైకి పోతే మరొకటి కిందికి రావాలనుకుంటున్నాడు. ఉమర్ (రజి) ఆ త్రాసునే పక్కన పెట్టారు. మనం ఎంచుకోవడమనేది విధివ్రాతకు వెలుపల జరిగే పని కాదు, దానిలో భాగమే.

కథ ఇంకా ఉన్నది. ఏదో పనిమీద ఆ సమాలోచనలో లేకపోయిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తరువాత వచ్చి, ఈ విషయంలో తాను ప్రవక్త (స) నోట విన్న మాట ఉన్నదన్నారు. ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్లవద్దు; మీరున్న ప్రాంతంలో అది వస్తే, దాని నుంచి పారిపోవడానికి బయటికి రావద్దు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి మదీనా దారి పట్టారు. అబూ ఉబైదా (రజి) తన సైన్యం వద్దకు, ప్లేగు ఉన్న చోటికే తిరిగి వెళ్లారు; అమ్వాస్ ప్లేగులోనే మరణించారు. ఒకరు వెనుదిరిగారు, ఒకరు అక్కడే ఉండిపోయారు. బయటినుంచి చూసేవాడికి ఒకరు భయపడ్డట్టు, మరొకరు తెగించినట్టు కనిపిస్తుంది. ఇద్దరూ పాటించినది ఒకే ఆజ్ఞను. ఉన్న స్థలం మారింది గనుక ఒకే ఆజ్ఞ ఇద్దరి చేత రెండు పనులు చేయించింది. దీనికంటే మంచి విరోధాభాసం మాకు తెలిసినంతలో చరిత్రలో అరుదు.

2020 మార్చిలో మన మస్జిదులలో సామూహిక నమాజులు ఆగినప్పుడు, జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరవడానికి అనుమతి వచ్చేవరకు, ఇదే వాదన మన వీధులలో నడిచింది. అల్లాహ్‌పై నమ్మకమున్నవాడు రోగానికి జంకుతాడా అని కొందరు నిలదీశారు. వారి భక్తిని మేము శంకించము. వారు సర్గ్ దాకా వెళ్లి అబూ ఉబైదా (రజి) ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

దానం సంగతి త్వరగా ముగిద్దాం. లక్ష రూపాయలపై జకాత్ 2,500, మిగిలేది 97,500. దానం వల్ల సంపద తరగదన్న హదీసు ఈ తీసివేతను కాదనడం లేదు. అది చెప్పేది శుభాన్ని (బర్కత్) గురించి, ప్రతిఫలాన్ని గురించి. లెక్క చెప్పేది బీరువాను గురించి. విధేయం వేరు గనుక వైరుధ్యం లేదు. అయితే 2,500 ఇస్తే ఏడాది తిరగకముందే 25,000 వచ్చి పడుతుందని వేదికలెక్కి ఊరించే వక్తలు కొందరు బయలుదేరారు. వారి మాటలో ఏ నిగూఢార్థమూ లేదు. అది జరిగితే నిజం, జరగకపోతే అబద్ధం.

పండితులు ప్రతి విరోధాన్నీ ఆభాస అని కొట్టిపారేశారనుకోవడం కూడా పొరపాటే. హిజ్రీ మూడవ శతాబ్దంలో ఇమామ్ ఇబ్నె ఖుతైబా (రహ్మలై), హదీసువేత్తలు పరస్పర విరుద్ధమైన మాటలు మోస్తున్నారన్న నిందకు జవాబుగా ఒక పూర్తి గ్రంథమే రాశారు. అంతకు ముందే ఇమామ్ షాఫయీ (రహ్మలై) ఈ విషయంపై రచన చేశారు. వారి పద్ధతిని స్థూలంగా చెప్పాలంటే: రెండు ఉల్లేఖనాలు ఢీకొన్నట్లు కనిపిస్తే మొదట వాటిని కలిపే మార్గం వెదకాలి. అది కుదరకపోతే ఏది ముందు, ఏది తరువాత అన్నది తేల్చి, ముందుది రద్దయినదా (నస్ఖ్) అని చూడాలి. ఉదాహరణకు సమాధుల సందర్శనను మొదట వారించిన ప్రవక్త (స) స్వయంగా తరువాత అనుమతించారు. అదీ కాకపోతే ఏది ఎక్కువ బలమైనదో పరీక్షించాలి (తర్జీహ్). ఏదీ తేలకపోతే ఆగాలి (తవఖ్ఖుఫ్). ఈ మెట్లలో ఎక్కడా 'కళ్లు మూసుకో' అన్న మెట్టు లేదు. చివరి మెట్టుకు కూడా గౌరవమున్నది. 'నేను ఇప్పుడు చెబుతున్నది అబద్ధం' అన్న వాక్యం నిజమా అబద్ధమా అన్న పాత చిక్కుముడికి పద్నాలుగవ శతాబ్దపు మహాపండితుడు తఫ్తాజానీ 'జద్రె అసమ్మ్', అంటే చెవిటి మూలం, అని పేరు పెట్టారు. ఎన్నో పరిష్కారాలు పరిశీలించి, చివరకు జవాబు విడిచిపెట్టి అశక్తతను ఒప్పుకోవడమే తనకు సరిగా తోస్తున్నదని రాశారు. అంతటివాడు తెలియదనగలిగినప్పుడు మనం ప్రతి ప్రశ్నకు అక్కడికక్కడే బదులు చెప్పి తీరాలన్న పట్టుదల దేనికి?

కొన్ని విరోధాభాసాలు మన మనసులోని తప్పుడు ఊహను బయటపెడతాయి. దౌర్జన్యపరుడైనా, దౌర్జన్యానికి గురైనవాడైనా నీ సోదరునికి సహాయం చెయ్యమని ప్రవక్త (స) ఆదేశించారు. సహచరులు వెంటనే అడిగారు, బాధితునికి సరే, దౌర్జన్యపరునికి సహాయమేమిటని. అతని చెయ్యి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమన్నారు ప్రవక్త (స). సహాయమంటే పక్షం వహించడమేనన్నది అరబ్బు తెగల నాటి ఊహ. ఒక్క మాటతో అది చెదిరింది.

మన జనగామ నేలపై ఈ మాటకు సాక్ష్యంగా నిలిచే సమాధి ఒకటి దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో ఉన్నది. షేక్ బందగీ సామాన్య రైతు. దాయాదితో వచ్చిన భూతగాదాలో విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఎదుటి పక్షాన నిలిచాడు. బందగీ గ్రామ పెత్తనానికి తలవంచక న్యాయస్థానానికి వెళ్లాడు. ఏళ్ల తరబడి తిరిగి గెలిచాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు అతనిని దారికాచి నరికి చంపారు. తరువాత 'మా భూమి' నాటకానికి అతని కథ ప్రేరణ అయింది. అదే ప్రాంతంలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

ఈ కథ విన్న మన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. నిజాం రాజ్యం ముస్లిముల రాజ్యమంటారు కదా, ఆ రాజ్యంలో ఒక ముస్లిం రైతును ఒక హిందూ దేశ్‌ముఖ్ పట్టపగలు ఎట్లా చంపించగలిగాడు? ఇది పొసగని మాటలా ఉన్నది. పొసగనిది చరిత్ర కాదు, మనం వాడిన మాట. 'ముస్లిముల రాజ్యం' అన్నప్పుడు పాలకుని మతాన్ని చెప్పామా, భూమి ఎవరి చేతిలో ఉన్నదో చెప్పామా? పాలకుడు ముస్లిం, భూమి, శిస్తు, వెట్టి దేశ్‌ముఖుల చేతిలో ఉన్నాయి. ఆ రాజ్యానికి దేశ్‌ముఖులే స్తంభాలు. బందగీ మతం అతని పొలాన్ని కాపాడలేదు, అతని ప్రాణాన్నీ కాపాడలేదు. ఆ రాజ్యపు న్యాయస్థానమే అతనికి గెలుపునిచ్చింది, ఆ రాజ్యపు స్తంభమే అతనిని బలిగొన్నది. ఇందులో విరోధమున్నది గాని అసత్యం లేదు. నిజాం పాలనను మొత్తంగా తమదని మోసేవారు, మొత్తంగా ముస్లిములపై రుద్దేవారు, ఇద్దరూ బందగీ సమాధి దగ్గర సమాధానం చెప్పవలసినవారే. అతని దాయాదికి ఆనాడు ఎవరైనా హదీసు చెప్పిన రీతిలో సహాయం చేసి ఉంటే, అంటే చెయ్యి పట్టి ఆపి ఉంటే, సంగతి మరొక విధంగా ఉండేదేమో.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకు వద్దాం. నికాహ్ సభలో వరుడు వధువుకు మెహ్ర్ ఇస్తానని సాక్షుల ఎదుట ఒప్పుకుంటాడు. మెహ్ర్ ఆమె హక్కు. దానిని మనస్ఫూర్తిగా చెల్లించమని దివ్య ఖుర్ఆన్ 'అన్-నిసా' సూరా నాల్గవ ఆయతులో ఆదేశమున్నది. అదే వరుని తరఫువారు ఆ సాయంత్రానికి ముందే వధువు తండ్రి వద్ద 'జోడే కీ రఖం' పేరుతో లక్షలు పుచ్చుకొని ఉంటారు. ఇది ఎట్లా పొసగుతుందని అడిగితే, అది దీన్, ఇది దునియా అంటారు. లేక అది షరియతు, ఇది రివాజు అంటారు. అబ్‌హరీ నేర్పిన ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. మనిషి అతడే. విషయం నికాహ్ సందర్భపు సొమ్మే. కాలం ఒకటే, స్థలం ఒకటే. సంబంధం అదే రెండు కుటుంబాల మధ్య. ఇవ్వవలసినవాడు పుచ్చుకుంటున్నాడు. పేరు మార్చినంత మాత్రాన విధేయం మారదు. ఇక్కడ వెదకడానికి నిగూఢార్థమేమీ లేదు. ఇది తనాఖుజ్. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సైతం కట్నాన్ని నిర్వచిస్తూ ముస్లిముల మెహ్ర్ అందులోకి రాదని విడదీసి చెప్పింది. చట్టం రాసినవారికి స్పష్టంగా కనిపించిన తేడా మన పెద్దమనుషులకు కనిపించకపోవడం విచిత్రమే.

ఆడబిడ్డల వారసత్వమూ ఇంతే. ఖుర్ఆన్ వాటాలను పేరుపేరునా నిర్ణయించిందని గర్వంగా చెబుతాము. తండ్రి పోయాక పాసుపుస్తకం అన్నదమ్ముల పేర్లకు మారుతుంది; చెల్లెలు ప్రేమతో వదులుకున్నదంటాము. నిజంగా ప్రేమతో వదులుకొని ఉంటే అభ్యంతరం లేదు, అది ఆమె హక్కు. అయితే అడిగితే పుట్టిల్లు మూసుకుపోతుందన్న భయంతో చేసిన సంతకాన్ని ప్రేమ అని పిలవడానికి మాకు మనసు రావడం లేదు.

హదీసులో కనిపించిన విరోధానికి రాత్రంతా నిద్రపోని యువకుడు తన నికాహ్‌లోని విరోధానికి నిశ్చింతగా నిద్రపోతున్నాడు. మొదటిదానికి అతను మమ్మల్ని నిలదీశాడు. రెండవదానికి తన తండ్రిని నిలదీయలేదు. ఆ తండ్రులలో చాలామంది ఈ మస్జిదు మొదటి వరుసలోనే కూర్చుంటారు.

ఇదివరకే పుచ్చుకున్నవారు ఏం చేయాలని ఎవరైనా అడగవచ్చు. ఒత్తిడి చేసి తీసుకున్న సొమ్ము తీసుకున్నవానిది కాదు. దానిని ఎవరి నుంచి తీసుకున్నారో వారికి, వారు లేకపోతే వారి వారసులకు, ఒకేసారి వీలుకాకపోతే వాయిదాలలోనైనా తిరిగి ఇవ్వాలి. చెల్లించని మెహ్ర్ భర్త మెడపై అప్పు. అతను చెల్లించకుండా మరణిస్తే, అంత్యక్రియల ఖర్చు పోగా, ఇతర అప్పులతో పాటు దానిని తీర్చిన తరువాతే అతని ఆస్తిని వారసుల మధ్య పంచాలి.